టీచరమ్మల ఇంటికి కప్పు వేసిన ఏడాది

ఇల్లు బాగు చేయించుకోబోయే కుర్రవాళ్ళు ఎవరు నా దగ్గరికి వచ్చినా ఒకటే అడుగుతారు: "తాతగారూ, నమ్మకమైన కాంట్రాక్టరును ఎట్లా పట్టుకోవాలి?" బతుకంతా సికింద్రాబాదులో ఇళ్ళు కట్టినవాణ్ణి, పాతవి బాగు చేసినవాణ్ణి కదా, నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ ఆశ. నిజానికి కాంట్రాక్టరును వెతుక్కునే అవసరం నాకెప్పుడూ రాలేదు. మా ఇంటి పని నేనే చేసుకున్నాను, అదీ మా ఆవిడ చేత నానా మాటలు పడుతూ. కానీ నన్ను ఎట్లా పట్టుకున్నారో మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పట్టుకున్నవాళ్ళు ఇద్దరు టీచరమ్మలు. అది పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది. మీకు ఆ సంగతే చెబుతాను, అందులోంచి ఏం కావాలో మీరే ఏరుకోండి.

మాది అల్వాల్. మా నాన్న తిరుమలగిరిలో సైన్యం బారకాసులకు చిన్న చిన్న పనులు ఒప్పుకునేవాడు. ఆయన వెంట తిరిగి తిరిగి నేనూ పని నేర్చుకున్నాను. ఆయన పోయాక కాంట్రాక్టరునని చెప్పుకోవడం మొదలుపెట్టాను గానీ, నా దగ్గర ఉన్న ఆస్తి అంతా ఒక మేస్త్రీ. ఆయన ముసల్మాను, మా నాన్నకంటే పెద్దవాడు, తెల్లటి గడ్డం, చేతిలో ఎప్పుడూ తాపీ. సున్నాన్ని గానుగలో తిప్పించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి ఆయన గచ్చు వేస్తే గోడ అద్దంలా మెరిసేది. నోరు మాత్రం మంచిది కాదు. నన్ను "కాంట్రాక్టర్ సాబ్" అని పిలిచేవాడు. ఆ "సాబ్" అనడంలో ఎంత గౌరవం ఉందో, ఎంత వెటకారం ఉందో నాకు చివరిదాకా అంతుబట్టలేదు.

ఆ టీచరమ్మలిద్దరూ ఒకే ఆడపిల్లల బడిలో ఏళ్ళ తరబడి కలిసి పాఠాలు చెప్పారు. ఒకామె కోస్తా వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు, పెళ్ళి చేసుకోలేదు. పిల్లలకు పాటలు నేర్పేది. బొద్దుగా, నవ్వుతూ, ఎదురైన ప్రతి మనిషినీ నమ్ముతూ ఉండేది. రెండో ఆమె మా అల్వాల్ మనిషే, చిన్నప్పుడే భర్త పోతే చదువుకుని లెక్కల టీచరు అయింది. సన్నగా, నిటారుగా, ఎవరినీ నమ్మకుండా ఉండేది. ఉద్యోగం అయిపోతుంటే బడి ఇచ్చిన క్వార్టర్సు దసరాకల్లా ఖాళీ చేయాలి. ఇన్నాళ్ళూ పక్కపక్కన ఉన్నాం, ఇకముందు వేరే వేరే ఎందుకని, ఇద్దరూ కలిసి పద్మారావు నగర్‌లో ఒక పాత ఇల్లు కొనుక్కున్నారు. రాతి గోడలు, టేకు దూలాలు, పైన సున్నపు కప్పు. గోడలు దిట్టంగా ఉన్నాయి. కప్పు మాత్రం జల్లెడ. వంటింట్లో రెండు పొయ్యిలు కావాలి, ఎందుకంటే ఒకామె చేపలు వండుకుంటుంది, ఇంకొకామె ఆ వాసన కూడా ఒప్పుకోదు.

ఎండాకాలంలో నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి ఖాళీ హాలులో రెండు కుర్చీలు, వాటికి ఎదురుగా ఒక బడి బల్ల. నన్నూ మేస్త్రీనీ ఆ బల్ల మీద కూర్చోమన్నారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

లెక్కల టీచరమ్మ సూటిగా అడిగింది: "ఏమయ్యా, ఇప్పటిదాక నువ్వు చేసిన పనులల్ల ఏది పాడైంది?"

నేను ఛాతీ విరుచుకుని, "ఏదీ పాడు కాలేదమ్మా," అన్నాను.

"అయితే నువ్వు కొత్తోనివన్న కావాలె, అబద్ధమన్న ఆడుతుండాలె. ఏదో ఒకటి చెప్పు."

నాకంటే ముందు మేస్త్రీ నోరు విప్పాడు. "అల్వాల్ల ఒక ప్రహరీ గోడ పడ్డది అమ్మా. వీళ్ళ నాయిన ఉన్నప్పటి ముచ్చట. కింద నల్లరేగడి ఉండె, మేం పునాది జెర పైపైన తీసినం. రెండో వానకే కూసున్నది. మళ్ళ కట్టి ఇచ్చినం. ఇప్పుడు సుత ఉన్నది, పోయి చూసుకోండ్రి."

ఆమె తల ఊపింది. పాటల టీచరమ్మ మాత్రం, "పాపం, గోడ పడిపోయిందా? ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా నాయనా?" అని కంగారుపడింది. ఇక నా పని అయిపోయిందనుకుని బయటికి వచ్చాను. దారి పొడుగునా మేస్త్రీని తిట్టాను. ఆయన నింపాదిగా బీడీ వెలిగించుకున్నాడు.

నాకు పోటీగా ఇంకొక కాంట్రాక్టరు వచ్చాడు. కోటు, చేతి గడియారం, అత్తరు వాసన. ఆ రోజుల్లో సిమెంటు పర్మిటు మీద తప్ప దొరికేది కాదు. ఆయన "సిమెంటు నా మీద వదిలెయ్యండి" అనేవాడు. కప్పు ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే "ఎంత, ఇట్లా అయిపోతుంది" అనేవాడు. పైగా పాటల టీచరమ్మ తెచ్చి మూలన పెట్టుకున్న హార్మోనియం చూసి, తన తల్లి కూడా వాయించేదని కళ్ళు తుడుచుకున్నాడట. పాటల టీచరమ్మ అక్కడే కరిగిపోయింది. ఆమె ఓటు ఆయనకు. లెక్కల టీచరమ్మ ఓటు ఎవరికో ఇంకా తేలలేదు. ఇన్నేళ్ళ స్నేహంలో ఇద్దరూ మొదటిసారి రెండు రోజులు మాట్లాడుకోలేదని తర్వాత తెలిసింది.

నేనేం చేశానంటే, తిరుమలగిరిలో నేను వంటిల్లు కట్టిన ఒక ఇంటావిడ దగ్గరికి బయలుదేరాను. టీచరమ్మల్లో ఎవరైనా వచ్చి అడిగితే నాలుగు మంచి మాటలు చెప్పమని బతిమాలుకుందామని. గడపలో అడుగు పెట్టేసరికి లెక్కల టీచరమ్మ అప్పటికే అక్కడ పీట మీద కూర్చుని చాయ్ తాగుతోంది. రెండో చేత్తో గోడను తడుముతోంది.

"రా రా, నీ గురించే మాట్లాడుతున్నం," అంది.

వెనక్కి తిరిగి పోవడానికి లేదు. నిలబడ్డాను. ఆ ఇంటావిడ నా ముఖం చూడకుండానే చెప్పింది: "గోడ గిట్ల మంచిగనే ఉన్నదమ్మా. మేస్త్రీ మాత్రం ఊకె ఒర్రుతడు, ఒకటే లొల్లి. కానీ ఒకటి, పొద్దుగాల రాంగనే ఇయ్యాల ఏం చేస్తమో, ఏ దిక్కు దుమ్ము లేస్తదో చెప్పేటోళ్ళు. పొద్దుగూకంగ అంతా ఊడ్చి పోయేటోళ్ళు. పని నడిచినన్ని దినాలు నా పిల్లలు ఇంట్లనే పండుకున్నరు."

గోడ బాగుందన్న మాటకంటే ఈ ఊడ్చిన మాటే టీచరమ్మకు నచ్చింది. నేను మాత్రం అప్పటిదాకా, ఊడ్చేది మేస్త్రీ చాదస్తమనుకునేవాణ్ణి.

పాటల టీచరమ్మ కూడా ఊరుకోలేదు, కోటు కాంట్రాక్టరు చెప్పిన ఇల్లు చూసి వచ్చింది. చూస్తే అది ఆయన బావమరిది ఇల్లు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారట. అలక అక్కడ తీరింది. అయినా ఆమె, "బావమరిదికైనా సరే, ఇల్లు శుభ్రంగానే కట్టించాడు కదండీ," అని వాదించిందట.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇద్దరు కాంట్రాక్టర్లకూ చెరొక చిన్న పని ఇచ్చి చూడాలి. కప్పు సంగతి ఆ తర్వాత. కోటాయనకు వంటింటి పొగగొట్టం, నాకు స్నానాల గది నేల.

పొగగొట్టం సిమెంటుతో ఒక్క రోజులో లేచింది. చూడటానికి గడియార స్తంభంలా ఎంతో అందంగా ఉంది. రెండు పొయ్యిలూ ముట్టించగానే పొగంతా తిరిగి హాల్లోకి వచ్చింది. పిలిపిస్తే ఆయన గుమ్మంలోనే నిలబడి, తప్పు గొట్టానిది కాదు, పొయ్యిలది అని తేల్చాడు. పాటల టీచరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "మరి వంట మానేయమంటావా బాబూ?" అందట. ఆయన నవ్వి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

నా పని కూడా ఏమీ గొప్పగా పూర్తి కాలేదు. షాబాదు బండలు పరిచాం, సందుల్లో గచ్చు కూరాం. ఆరిన తర్వాత టీచరమ్మలు చెరొక బిందెతో వచ్చారు. నీళ్ళు పోసి, చీరలు ఎత్తి పట్టుకుని, అవి ఎటు పోతాయో చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు చక్కగా తూము వైపు పోయాయి. ఒక మూల మాత్రం అరచేయంత మడుగు నిలిచింది.

"అదేం లేదమ్మా, ఆరిపోతుంది," అన్నాను.

లెక్కల టీచరమ్మ నా వైపు చూసింది. ఆమె ఏమనేదో గానీ, ఈలోగా వెనక నుంచి మేస్త్రీ గడ్డపార తీసుకుని వచ్చాడు. "జరగండ్రి," అని మమ్మల్ని పక్కకు నెట్టి, తను పరిచిన బండలనే ఎత్తి పడేయడం మొదలుపెట్టాడు.

"ఆగు మేస్త్రీ! ఏం చేస్తున్నావు?" అని అరిచాను.

"నా చేతి పని నేను పగలగొట్టుకుంట, నీకేం తక్లీఫ్? నిలబడ్డ నీళ్ళు రేపు గోడలకు పోతయి. ఆరిపోతదంట! కాంట్రాక్టర్ సాబ్, ముసలోళ్ళు ఇండ్ల జారిపడితే నువ్వొచ్చి లేపుతవా?"

టీచరమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాటల టీచరమ్మ ఫక్కున నవ్వింది. "ముసలోళ్ళు అన్నది మనల్నేనండీ," అంది. లెక్కల టీచరమ్మ నవ్వలేదు గానీ, అక్కడికక్కడే కప్పు పని మాకిచ్చేసింది. పొగగొట్టాన్ని కూడా మేమే విప్పి మళ్ళీ కట్టాం.

ఇంత వడపోతా అయ్యేసరికి వానలు వచ్చి పడ్డాయి. వానాకాలంలో కప్పు విప్పడం మంచిది కాదు, దసరా దాటనివ్వండి అన్నాను. సరేనని, క్వార్టర్సు వదిలి ఆ ఇంటి ముందు గదుల్లోకి కాపురం మార్చుకున్నారు. కానీ వెనక గది కప్పు మా మాట వినలేదు. ఒక ముసురులో దూలం విరిగి, సగం కప్పు గదిలోకి దిగిపోయింది. ఇక ఆగే వీల్లేదు. మిగతా సగం కూడా విప్పేశాం. కొత్త దూలాలకు చెప్పి వచ్చాను. వాన తెరిపి ఇచ్చిన నాలుగు రోజుల్లో వేసేద్దామనుకున్నాం. సరిగ్గా అప్పుడే పోలీసు యాక్షన్ మొదలైంది.

ఆ రోజులు మీకు తెలియవు. దుకాణాలు మూతపడ్డాయి. కూలీలు ఊళ్ళకు పోయారు. ఆకాశంలో విమానం మోగితే జనం గోడల పక్కకు చేరేవాళ్ళు. అంతకుముందు హిందువులు భయపడ్డారు, ఇప్పుడు ముసల్మానులు భయపడుతున్నారు. ఎవరి ఇంట్లో ఏ పుకారు చేరిందో వాళ్ళకదే నిజం. మా అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. ఇంట్లో కూర్చుని నేను మబ్బులు చూస్తున్నాను. సర్కారు మారుతోందన్నది కూడా నాకు తట్టలేదు. పైకప్పు లేని ఆ గదే కళ్ళ ముందు తిరుగుతోంది. వాన పడితే ఆ గది గోడలు పైనుంచి తడుస్తాయి, పక్క గదుల కప్పు కూడా జారుతుంది, ఆ ఇద్దరూ ఏమైపోతారు? మేస్త్రీ సంగతి తలుచుకుంటే ఇంకా భయం వేసింది. ఆయనుండే గల్లీలో జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారని విన్నాను.

నిజాం సైన్యం లొంగిపోయిందన్న కబురు వచ్చిన మర్నాడు పొద్దున, అమ్మ పెరట్లో ఉండగా బయటపడ్డాను. పెద్ద రోడ్డు వదిలి, సందులూ పొలాలూ పట్టుకుని పద్మారావు నగర్ చేరాను. దూరం నుంచే ఇల్లు కనిపించింది. దాని మీద ఏవో నల్లగా ఉన్నాయి.

దగ్గరికి వెళితే అవి నల్లబల్లలు! బడిలో పాతవి తీసేస్తుంటే, అలమారాలు చేయించుకోవచ్చని టీచరమ్మలు తెచ్చి పెట్టుకున్న బల్లలు. వాటిని వాలుగా, పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు పరుస్తున్నారు. నిచ్చెన మధ్యలో పాటల టీచరమ్మ, కొంగు నడుముకు దోపుకుని, ఒక బల్ల ఎత్తి పట్టుకుని ఉంది. కింద లెక్కల టీచరమ్మ వేలితో గాలిలో గీత గీస్తూ, "ఇంక జెర ఏటవాలు కావాలె, నీళ్ళు గోడ దిక్కు పోవద్దు," అంటోంది. గోడ మీద మా మేస్త్రీ! బల్లల మీద బరువు పెట్టడానికి ఆయన భార్య, కోడలు ఇటుకలు అందిస్తున్నారు.

"వచ్చినవా కాంట్రాక్టర్ సాబ్," అన్నాడు మేస్త్రీ పైనుంచి. "నువ్వు రాంగ రాంగ నేను కప్పేసి, ఇంటికి సుత పోయేటోన్ని."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తర్వాత చెప్పారు, ఆయన ముందు రోజే వచ్చాడట, కప్పు చూసిపోదామని. గల్లీలో ఎట్లా ఉందని టీచరమ్మలు అడిగి తెలుసుకుని, ఆయనను తిరిగి ఒంటరిగా పోనివ్వలేదు. ఇద్దరూ వెంట నడిచి వెళ్ళి, ఆయన భార్యనూ కోడలినీ తమ మధ్యన పెట్టుకుని ఇంటికి తీసుకువచ్చారు. ముందు గది వాళ్ళకిచ్చారు.

నేను గోడ ఎక్కి ఒక బల్ల అందుకున్నానో లేదో, గేటు దగ్గర చప్పుడైంది. పేటలోని కుర్రవాళ్ళు ఐదారుగురు. చేతుల్లో కర్రలు. ఆ ఇంట్లో బయటివాళ్ళు దాక్కున్నారని విన్నాం అన్నారు. మేస్త్రీ చేతిలో తాపీ ఆగిపోయింది. ఆయన భార్య గోడ చాటుకు జరిగింది. నేను దిగబోతుంటే లెక్కల టీచరమ్మ చేత్తో ఆగమని సైగ చేసి, తనే గేటు తీసింది.

"దాక్కునుడు ఏంది? మా మేస్త్రీ పైననే ఉన్నడు, కండ్లు లేవా?" అంది గట్టిగా. "వాన వచ్చేటట్టున్నది, ఇల్లు కప్పేటోళ్ళు లేక మేం పరేషాన్ అవుతున్నం. మంచి టైముకొచ్చిండ్రు. ఆ కర్రలు ఇటు తెండ్రి, బల్లల కింద పెట్టనీకి పనికొస్తయి."

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె ఒకణ్ణి వేలితో చూపించి, "నీ అక్కకు ఎక్కాలు నేనే నేర్పిన. మీ అమ్మ ఎట్లున్నది?" అంది. వాడు కర్ర వెనక్కి దాచుకుని, "మంచిగున్నది టీచరమ్మా," అన్నాడు. మరు నిమిషంలో ఇద్దరు జారుకున్నారు. మిగిలినవాళ్ళకు పాటల టీచరమ్మ నిచ్చెన మీది నుంచే, "చూస్తారేం నాయనా, నా చేతులు పడిపోతున్నాయి, పట్టుకోండి!" అని బల్ల అందించింది. పట్టుకున్నారు. ఏం చేస్తారు మరి, చేతిలోకి వచ్చాక! వాళ్ళ కర్రలు నిజంగానే బల్లల కింద ఆనించాం. మేస్త్రీ కాసేపు మెత్తగా మాట్లాడాడు గానీ, ఒకడు ఇటుక వంకరగా పెట్టేసరికి మామూలు మేస్త్రీ అయిపోయి అరవడం మొదలుపెట్టాడు. ఆ అరుపు విని ఆయన భార్య నవ్వింది. నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నానికి వాన దంచింది. అందరం ఆ గదిలో నిలబడి తలలెత్తి చూస్తున్నాం. ఒక బల్ల మీద ఎవరో పిల్ల వేసిన భాగాహారం ఇంకా చెరిగిపోలేదు. ఇంకో దాని మీద సగం పాట ఉంది. నీళ్ళు లోపలికి రాలేదు. ఒక్కచోట మాత్రం సుద్ద కలిసిన తెల్లటి చుక్క ఒకటి జారి, సరిగ్గా లెక్కల టీచరమ్మ ముక్కు మీద పడింది. ఆమె నవ్వడం నేను మొదటిసారి చూశాను. కర్రలతో వచ్చిన కుర్రవాళ్ళు కూడా నవ్వారు. ఆ ఇంట్లో అందరికీ కలిపి ఒకటే గంజు నిండా కిచిడీ ఉడికింది. రెండో పొయ్యి ఆ రోజు ముట్టించలేదు.

ఊరు నెమ్మదించాక దూలాలు వచ్చాయి. కూలీలు తిరిగి వచ్చారు. దసరా దాటాక ఇల్లంతా కొత్త కప్పు వేశాం. కప్పు మీద ఆడకూలీలు వరసగా కూర్చుని, చెక్కలతో సున్నం బాదుతూ పాడుతుంటే, కింద హాల్లో పాటల టీచరమ్మ అదే పాటను హార్మోనియం మీద పట్టుకునేది. పాట ఆగితే బాదడం కూడా ఆగుతుందని మేస్త్రీ ఆమెను ఆపనిచ్చేవాడు కాదు. వేళ్ళు నొప్పి పుడుతున్నాయని ఆమె మొరపెట్టుకున్నా వినలేదు.

పిల్లలూ, మీకు సలహా కావాలంటే చెప్తాను. మాట తియ్యగా ఉందని పని ఇవ్వకండి. కటువుగా ఉన్నవాళ్ళంతా మంచి పనివాళ్ళని కూడా అనుకోకండి, అట్లా మోసపోయినవాళ్ళను చూశాను. కాంట్రాక్టరు కట్టిన ఇళ్ళలో ఉంటున్నవాళ్ళ దగ్గరికి ఆయనకు చెప్పకుండా పోయి, వంటింట్లో కూర్చుని చాయ్ తాగండి. ఏది పాడైందో అడగండి, పాడైన తర్వాత ఏం చేశాడో అడగండి. మొదట స్నానాల గది నేలంత పని ఇచ్చి, మీరే నీళ్ళు పోసి చూడండి. ఎంచుకోవడంలో ఎక్కువ రోజులు పోయినా పరవాలేదు. అయితే టీచరమ్మల్లాగా వానాకాలం దాకా మాత్రం సాగదీయకండి. ఇల్లు కూడా మనిషిని ఎంచుకుంటుందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, కానీ అది ముసలివాడి మాట, పట్టించుకోవద్దు.

మరుసటి ఏడాది మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం టీచరమ్మల ఇంటి నుంచి కబురు వచ్చింది, మేస్త్రీని తీసుకుని వెంటనే రమ్మని. ఇద్దరం గొడుగు కూడా లేకుండా ఉరుకులు పరుగుల మీద పోయాం. దారిలో మేస్త్రీ తను వేసిన దూలాలను వేళ్ళ మీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ లెక్క నన్ను ఇంకా భయపెట్టింది.

తలుపు తీసి ఉంది. వెనక గదిలో నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి, మధ్యలో పళ్ళెం నిండా వేడి వేడి మిరపకాయ బజ్జీలు.

"ఎక్కడమ్మా కారుతోంది?" అన్నాను రొప్పుతూ.

"ఎక్కడా కారుత లేదు," అంది లెక్కల టీచరమ్మ. "కూసోండ్రి."

"కప్పు మీద వాన చప్పుడు ఎంత బాగుందో వినడానికి పిలిచామయ్యా," అంది పాటల టీచరమ్మ.

మేస్త్రీ నమ్మలేదు. తడి బట్టలతోనే గది గదికీ తిరిగాడు. గోడలకు చేయి ఆనించాడు, మూలల్లో వంగి చూశాడు, బల్లెక్కి దూలాల చివరలు తడిమాడు. ఎక్కడా చెమ్మ దొరకక, ఏదో పోగొట్టుకున్నవాడిలా ముఖం పెట్టుకుని తిరిగి వచ్చాడు. లెక్కల టీచరమ్మ ఆయన చేతికి ఒక తువ్వాలు, ఒక బజ్జీ ఇచ్చింది. ఆయన కూర్చున్నాడు. పైన వాన ఆగకుండా కురుస్తూనే ఉంది. కాసేపటికి చూస్తే, చేతిలో సగం తిన్న బజ్జీతో, మా మేస్త్రీ తను వేసిన కప్పు కింద హాయిగా గురక పెడుతున్నాడు.